నా నంబరు మీద ఇంకొకరి అప్పు

ప్రశాంతంగా ఉండటానికని తీసుకున్న నంబరు అది.

నేను కార్ఖానా ఏరియాలో ఒక స్కూల్లో తెలుగు టీచర్ని. నా పాత నంబరు పిల్లల తల్లిదండ్రులందరి దగ్గరా ఉంది. హోంవర్కు ఏమిచ్చారని ఒకరు, బస్సు ఇంకా రాలేదని ఒకరు, పక్క పిల్ల మా పాప రబ్బరు తీసుకుందని ఇంకొకరు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ ఫోను మోగుతూనే ఉండేది. ఇంట్లోవాళ్లకూ, మా చెల్లెలికీ, చర్చిలో ఒకరిద్దరు స్నేహితురాళ్లకూ తప్ప ఎవరికీ తెలియని నంబరు ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తూ దారిలో సిమ్ము కొని, ఇంట్లో పడి ఉన్న పాత ఫోనులో వేసుకున్నాను. చెల్లెలు దానికి ఫోన్ చేసి, ఇదేనా నీ వీఐపీ నంబరు అని నవ్వింది.

వారం తిరక్కుండానే మొదటి కాల్ వచ్చింది. స్టాఫ్ రూములో అన్నం తింటున్నాను. అవతల ఒక అమ్మాయి, చాలా మర్యాదగా, ఒక మగమనిషి పేరు చెప్పి ఆయనతో మాట్లాడవచ్చా అని అడిగింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే అది నానాల్సినదానికంటే ఎక్కువ నోళ్లలో నానింది. రాంగ్ నంబరమ్మా అన్నాను. సారీ మేడమ్, హావ్ ఎ నైస్ డే అంది. ఈ కాలంలో ఇంత మర్యాదగా మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారని పక్కనున్న లెక్కల టీచర్‌తో అన్నాను కూడా.

సాయంత్రం అదే పేరు కోసం ఒక మగగొంతు. ఈసారి మర్యాద లేదు.

"రాంగ్ నంబరైతే మరి ఫోనెందుకెత్తినవ్?" అన్నాడు.

ఆయన నీకేమైతడు అని అడిగాడు. ఏమీ కాడన్నాను.

"ఏం గాకపోతే ఆయన సిమ్ము నీ దగ్గరెట్లుంది?"

ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పబోయాను. అక్కడే చిక్కుకున్నాను. సిమ్ము ఎక్కడ కొన్నానో, నేనేం పని చేస్తానో, ఆ పేరుగల మనిషి ఎవరో నాకెందుకు తెలియదో, అన్నీ ఓపిగ్గా చెప్పాను. అతను అంతా విన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ చేసిన వాళ్లందరూ నన్ను టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

సంగతేమిటంటే, ఆ మనిషి ఎప్పుడో ఫోనులో ఏదో యాప్ ద్వారా అప్పు తీసుకున్నాడు. తర్వాత ఆ నంబరు వదిలేశాడు. వాడకం లేని నంబర్లు కొన్నాళ్లకి మళ్లీ అమ్మకానికి వస్తాయట. సిమ్ములమ్మే ఆయన ఈ మాట చాలా తేలిగ్గా చెప్పాడు. దీన్ని పడేసి ఇంకోటి తీసుకోండి మేడమ్, అన్నాడు. అప్పటికే బ్యాంకుకీ, గ్యాసుకీ ఆ నంబరే ఇచ్చి ఉన్నాను. అదొక్కటే కారణం కాదు. ఏ తప్పూ చేయకుండా నేనెందుకు పారిపోవాలన్న పంతం కూడా వచ్చింది.

ఆ ఫోన్లు ఎలా ఉండేవో చెప్పడం కష్టం. పొద్దున ఆడపిల్లలు చేసేవాళ్లు, మెత్తగా. మధ్యాహ్నానికి మగవాళ్లు దిగేవాళ్లు. వాళ్ల వెనక ఎప్పుడూ ఒక పెద్ద గది చప్పుడు వినిపించేది, ఎంతోమంది ఒకేసారి అలాగే మాట్లాడుతున్న చప్పుడు. ముందు నేను ఆ మనిషి భార్యనన్నారు. కాదంటే అక్కనన్నారు. అదీ కాదంటే ఇంకేమై ఉంటానో చెప్పి నవ్వారు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వచ్చేది. మా ఆయన, ఎత్తకు, లైట్ తీస్కో అనేవాడు. ఎత్తకపోతే వాట్సాప్‌లో వచ్చేవాళ్లు. అందులో నేనూ అమ్మా చర్చి ముందు నిలబడి దిగిన ఫొటో పెట్టుకున్నాను. ఒకరోజు ఆ ఫొటోనే నాకు తిరిగి పంపించారు, కింద ఒక వాక్యం రాసి. నాకంటే అమ్మకి ఎక్కువ రేటు వస్తుందన్నది దాని సారాంశం. ఐదో క్లాసు పిల్లల డిక్టేషన్ దిద్దుతుండగా చూశాను దాన్ని. అందులో అక్షరదోషాలు ఉన్నాయి. వెంటనే నా కళ్లు అవే చూశాయి, అలవాటు కొద్దీ. అర్థం ఆ తర్వాత దిగింది. ఫొటో తీసేశాను, ఆ పూట క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఇవన్నీ ఇంట్లో అమ్మకి తెలియకుండా చూసుకున్నాను. అమ్మ నాతోనే ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఈ మధ్య చెవులు సరిగా వినపడటం లేదు కానీ వినికిడి మిషను పెట్టుకోవడానికి ఒప్పుకోదు.

ఒక ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక నేను వంటింట్లో ఉన్నాను. ఆ ఫోను మర్చిపోయి భోజనాల బల్ల మీద పెట్టాను. మోగింది. ఆ నంబరుకి చెల్లెలు తప్ప ఎవరూ చేయరని అమ్మ నమ్మకం కాబట్టి ఎత్తింది.

"ఎవరు నాయనా?" అంటున్న అమ్మ గొంతు వినిపించింది. కాసేపాగి, "సరిగా వినపడటంలేదయ్యా, కాస్త గట్టిగా చెప్పు," అంది.

అతను గట్టిగా చెప్పాడు. అమ్మ మళ్లీ, ఏమంటున్నావు నాయనా, అంది. అతను ఇంకా గట్టిగా చెప్పాడు. ఈసారి నాకు వంటింట్లోకి వినిపించింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. అప్పటికి అమ్మకి కూడా వినబడింది.

అమ్మ ఫోను బోర్లా పెట్టింది. లేచి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లి, సబ్బు తీసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. చీము పట్టిన పుండుకి కట్టు కట్టి వచ్చాక నర్సులు అలా కడుక్కుంటారు. చాలాసేపు కడుక్కుంది. ఆ పూట మాతో కూర్చుని తినలేదు. నేను ఒక ప్లేటులో పెట్టి తీసుకెళ్తే, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

సాయంత్రం తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"వార్డులో జ్వరం తలకెక్కినవాళ్లు మమ్మల్ని నానా మాటలూ తిట్టేవాళ్లు," అంది. "పాపం ఒంట్లో బాగోక తిడుతున్నారని మాకు తెలిసేది. ఈ పిల్లాడికి ఏం జబ్బే?"

ఆ రాత్రంతా నాకు ఆ ఫోన్ చేసినవాడి మీద కంటే, ఆ అప్పు తీసుకున్న మనిషి మీద కోపం పెరుగుతూ వచ్చింది. ఇది వింతే, కానీ నిజం. ఫోన్ చేసేవాళ్లకి ముఖాల్లేవు. ఆ మనిషికి ఒక పేరుంది. ఆ పేరు నేను మా బంధువుల పేర్ల కంటే ఎక్కువసార్లు విన్నాను. వాళ్ల తిట్లలోంచే ఆయన గురించి కొన్ని సంగతులు నాకు తెలిశాయి. మోండా మార్కెట్లో మిక్సీలు రిపేరు చేస్తాడు. పెళ్లాం కూడా కొట్లోనే కూర్చుంటుంది. ఇంత తెలిసినవాళ్లు ఆయన కొట్టుకే పోవచ్చు కదా అని నేను ఒకసారి అడిగితే, మాకు తెల్సు ఎక్కడికి పోవాల్నో, నువ్వు చెప్పకు అన్నాడొకడు.

సరే, నేనే పోదామనుకున్నాను.

శనివారం స్కూలు ఒంటిపూట. కూరగాయల సంచీ పట్టుకుని మోండాకి వెళ్లాను. కూరలేవీ కొనలేదు. స్టీలు సామాన్ల కొట్లున్న సందులో అడుగుతూ పోతే, ఒక గిన్నెలమ్మే ఆయన చెయ్యి చూపించాడు. దారి పొడవునా ఏం అనాలో వాక్యాలు కూర్చుకుంటూ నడిచాను. మీ మూలంగా మా అమ్మ ఏ మాటలు వినాల్సి వచ్చిందో తెలుసా అన్నది మొదటి వాక్యం. మిగతావి దానికంటే పదునైనవి.

కొట్టు చాలా ఇరుకు. పైనుంచి మిక్సీ జార్లు వేలాడుతున్నాయి. ఒకాయన, నలభై దాటి ఉంటాయి, పీట మీద కూర్చుని ఒక మిక్సీ మోటారు విప్పుతున్నాడు. వెనక ఒకావిడ కుక్కర్ల గాస్కెట్లు మేకుకి తగిలిస్తోంది. నేను ఆయన పేరు పూర్తిగా పలికి, మీరేనా అని అడిగాను.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. కొట్టు వెనక్కి చూశాడు, అక్కడ ఇంకో దారి ఉందేమో అన్నట్టు. అక్కడ గోడే ఉంది. ఆవిడ మాత్రం ముందుకొచ్చి ఆయనకీ నాకూ మధ్యలో నిలబడింది.

"ఏ ఆఫీసు నుంచి వచ్చిన్రు మీరు?" అంది. "ఇప్పుడు ఆడోళ్లను సుత పంపుతున్నరా?"

నేను కూర్చుకున్న వాక్యాలన్నీ పక్కన పెట్టేశాను. ఇస్త్రీ చీర, భుజాన బ్యాగు, మొహంలో కోపం, నోట్లో ఆయన పూర్తి పేరు. వాళ్లకి నేను వసూలుకి వచ్చిన మనిషిలాగే ఉన్నాను. చుట్టుపక్కల కొట్లవాళ్లు అప్పుడే మెడలు సాచి చూస్తున్నారు. నా మీద నాకే వెగటు పుట్టింది. గొంతు తగ్గించి, నేను ఏ ఆఫీసూ కాదని, ఆయన పాత నంబరు ఇప్పుడు నా దగ్గరుందని చెప్పాను. నంబరు చదివి వినిపించాను.

ఆయన తల పట్టుకున్నాడు. "పోయింది, పీడ వదిలిందనుకున్న మేడమ్," అన్నాడు. "సిమ్ము విరిచి నాలాలో పారేసిన. గా నంబరు మళ్ల ఇంకొకళ్లకు పోతదని నాకేం తెల్సు?"

తర్వాత ఆయన తన సంగతి చెప్పాడు. కొట్టు ఇక్కడికి మార్చినప్పుడు అడ్వాన్సుకి చాలక ఆ యాప్‌లో తీసుకున్నాడట. తీసుకున్నదంతా కట్టేశాడట. దాని మీద ఇంకేవో కలుపుతూ పోయారట, అవి కట్టలేదట. నిజమెంతో నాకు తెలియదు. ఆయన చెప్తున్నంతసేపూ నా మొహం చూడలేదు, మోటారు చుట్టూ ఉన్న రాగి తీగనే చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ నాకు ఒక స్టూలు వేసింది.

"మీకేమన్నరక్కా?" అని మెల్లగా అడిగింది.

నాకు చెప్పడం చేతకాలేదు. బళ్లో పాతికేళ్లుగా మాటలతోనే బతుకుతున్నదాన్ని, ఆ మాటలు నోటికి రాలేదు. మా అమ్మని తిట్టారు అని మాత్రం అన్నాను. ఆవిడ తలూపి, భర్తకి వినపడకుండా నా వైపు వంగి ఒక వాక్యం చెప్పింది. చర్చి దగ్గరి ఫొటో కింద రాసిన వాక్యమే అది. రేటు గురించినదే. ఫొటోలో మాత్రం మా అమ్మ బదులు వాళ్ల అమ్మాయి ఉందట, బతుకమ్మ నాడు కొత్త లంగా కట్టుకుని దిగినది. ఆవిడ ఇంకో వాక్యం మొదలుపెట్టింది, సగంలో ఆగింది. మిగతా సగం నాకు తెలుసు. అదే వరస, అదే మాట తర్వాత అదే మాట, చివర అదే నవ్వు.

అప్పటిదాకా నేను, ఎవరో కోపిష్టి మనిషి, లేకపోతే మతి చెడిన మనిషి, నోటికొచ్చింది అంటున్నాడనుకున్నాను. నోటికొచ్చింది కాదు. ఎవరో రాసి ఇచ్చినది. మా పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్తున్నారు. ముసలివాళ్లు ఎత్తితే ఇది, ఆడపిల్ల ఫొటో ఉంటే ఇది, ఆవిడ టీచరైతే ఇది. ఎక్కడో ఒక గదిలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఏ మాటకి మనిషి ఎక్కువ విలవిల్లాడుతుందో ఆలోచించి ఒకడు వీటిని కూర్చాడు. పైగా తెలుగులో. నేను ప్రతిరోజూ బోర్డు మీద రాసే భాషలో. తిట్టినవాడికి కనీసం కోపం కూడా లేదన్న సంగతి, తిట్టుకంటే ఎక్కువ అసహ్యం కలిగించింది నాకు.

పోలీస్ స్టేషన్‌కి పోదాం రండి అన్నాను. ఆయన రానన్నాడు. బజార్లో ఇప్పటికే తల ఎత్తుకోలేకపోతున్నానన్నాడు. ఆవిడ గాస్కెట్లు వదిలేసి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, చెప్పులేసుకుంది.

"నేనొస్తా, నడువక్కా," అంది.

స్టేషన్‌లో ఒక ఎస్సై కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, అలసిపోయి ఉన్నాడు. నా మాట సగం విని, ఇట్లాంటివి రోజూ వస్తయి మేడమ్, బ్లాక్ చేయండి, ఆన్‌లైన్‌ల కంప్లైంట్ పెట్టండి అన్నాడు. అసభ్యంగా మాట్లాడుతున్నారని చెప్పాను. అసభ్యంగా అంటే ఎట్ల అని కాగితాలు సర్దుకుంటూ అడిగాడు. నేను మళ్లీ తడబడ్డాను. చాలా నీచంగా అండీ, అన్నాను. ఎంత పేలవమైన మాట అది.

ఆవిడ నా పక్కనుంచి ముందుకు జరిగింది.

"సారూ, వాళ్లన్న మాటలు అన్నట్టే నేను చెప్తా. మీరు రాసుకోండ్రి."

చెప్పింది. గొంతు పెంచలేదు, తల దించలేదు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట మింగకుండా చెప్పింది. భర్తని ఏమన్నారో, తనని ఏమన్నారో, కూతురిని ఏమన్నారో. తర్వాత నా వైపు చూపించి, "ఈ అక్కోళ్ల అమ్మను సుత గివే అన్నరు," అంది. అవతలి బల్ల దగ్గరున్న కానిస్టేబుళ్లు నేల చూపులు చూశారు. ఎస్సై కాగితాలు సర్దడం ఆపేశాడు. ఒక మనిషిని పిలిచి, కంప్లైంట్ రాసుకొమ్మన్నాడు.

రాస్తుండగానే నా బ్యాగులో ఆ ఫోను మోగింది. అందులో వింతేం లేదు, అది వాళ్లు చేసే వేళే. ఎస్సై చెయ్యి చాపాడు. ఇచ్చాను. స్పీకరు పెట్టి హలో అన్నాడు.

"ఎవడ్రా నువ్వు? టీచరమ్మ మొగుడివా?" అంది ఆ గొంతు.

తను ఎవరో, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడో ఎస్సై చెప్పాడు. అవతల ఒక్క క్షణం ఆ పెద్ద గది చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత, "సార్, నమస్తే సార్. సారీ సార్. మేమేం అనలే సార్, రిమైండర్ కాల్ సార్. మేడమ్‌కు సారీ చెప్పిన అని చెప్పండి సార్," అంది అదే గొంతు. ఎంత పలచబడిపోయిందో. మా అమ్మతో మాట్లాడింది ఇతనేనో కాదో ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ వినయాన్ని తిట్లకంటే కూడా ఎక్కువ భరించలేకపోయాను. లేచి బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాను. ఆవిడ కూడా వచ్చి నిలబడింది. రోడ్డు దాటి చెరొక చెరుకురసం తాగి, ఎవరిదారిన వాళ్లం వెళ్లిపోయాం.

ఆ తర్వాత ఫోన్లు ఆగాయి. కేసు ఏమైందో ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలు నిశ్శబ్దంగా ఉంది. మళ్లీ ఒక మధ్యాహ్నం, హిందీలో, ఇంకెక్కడి నుంచో, అదే పేరు అడిగారు. ఒక కంపెనీకి వసూలు కాని అప్పుల వివరాలు ఇంకో కంపెనీకి చేరతాయని అప్పుడే తెలిసింది నాకు. అప్పుతోపాటు నా నంబరు కూడా చేతులు మారింది.

ఇప్పుడైనా ఆ సిమ్ము తీసి పారేయమంటాడు మా ఆయన. నేను బ్యాంకుకీ గ్యాసుకీ పాత నంబరే ఇచ్చేశాను. దీంతో నాకు పనేం లేదు. అయినా ప్రతి నెలా రీఛార్జి చేయిస్తున్నాను. ఫోను సైలెంట్‌లో పెట్టి బీరువా పైన పడేశాను. నేను వదిలేస్తే, కొన్నాళ్లకి దాన్ని ఇంకెవరికో అమ్ముతారు. వాళ్లింట్లో ఎవరుంటారో, ఫోను ఎవరు ఎత్తుతారో తెలియదు. ఇందులో గొప్పతనమేం లేదు. ఆ మాటలు ఇంకో ఇంట్లో వినపడతాయన్న ఊహే నాకు గిట్టదు.

మిక్సీ ఆయన మోండాలో కొట్టు ఎత్తేసి, బన్సీలాల్‌పేట్‌లో ఇంటి ముందే పని చేసుకుంటున్నాడు. ఆవిడ అప్పుడప్పుడు నా పాత నంబరుకి ఫోన్ చేసి మాట్లాడుతుంది. కూతురు ఇంటర్లో చేరిందట. ఫొటోలు దిగనంటుందట, పెళ్లిళ్లలో కూడా.

అమ్మ ఇప్పుడు ఏ ఫోనూ ఎత్తదు. చెల్లెలు చేసినా ముందు నేను మాట్లాడి, అవతల ఉన్నది ఎవరో అమ్మకి చెప్పి, ఫోను చెవి దగ్గర పెట్టాలి. అప్పుడు కూడా వెంటనే పలకదు. చెల్లెలు అమ్మా అని రెండుసార్లు పిలిచాక, అది నిజంగా తన కూతురే అని నా మొహం చూసి నిర్ధారించుకున్నాక, అప్పుడు మాట్లాడుతుంది.